పదకొండో పగులు

ఆరో పగులును మేస్త్రీ కూర్చోకుండా వంగే కొలిచాడు. కూర్చుంటే లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి. ఆ గోడలో ఎక్కడ చెయ్యి వెయ్యచ్చో, ఎక్కడ వెయ్యకూడదో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పగులుకు అటొకటీ ఇటొకటీ శనగగింజంత ఇత్తడి గుబ్బలు రాతిలో దిగ్గొట్టి ఉన్నాయి. కొలత పరికరం దవడలు రెండూ వాటికి ఆనించి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఊపిరి బిగబట్టి గీతలు చదివాడు. "ముప్ఫై ఎనిమిదీ ఒకటి" అని పైకే అనుకుని, చెవి వెనక పెన్సిలు తీసి అట్ట కార్డు మీద రాసుకున్నాడు. నిన్నా అంతే, పోయినేడూ అంతే. ఆరోది బుద్ధిమంతురాలు. నాలుగోది వానాకాలంలో కాస్త అలిగి, ఎండలు రాగానే సర్దుకుపోయే రకం. తొమ్మిదోది ముసలిది, ఎవరి జోలికీ పోదు. ఇరవై మూడు పగుళ్ళూ గుణగణాలతో సహా ఆయనకు తెలుసు.

ఎండ పడక ముందే ఈ పని అయిపోవాలి. ఎండ తగిలితే రాయి ఒళ్ళు విరుచుకుంటుంది, కొలత తేడా వస్తుంది. అందుకని ఇరవై ఏళ్ళుగా మేస్త్రీ, ఊరు పళ్ళు తోముకునే వేళకే మెట్లెక్కుతున్నాడు. చుట్లు తిరుగుతూ పైకి పోయే రాతి మెట్లు. ఒక్కో మెట్టు మధ్యలో అరిగి దొన్నెలా గుంట పడి ఉంటుంది. ఐదు వందల ఏళ్ళ కిందట పండితులు పై గదిలో కూర్చుని, గోడలోని కన్నాల్లోంచి చుక్కల నడక చూసి రాసుకునేవారట. అందుకే దానికి చుక్కల బురుజని పేరు. ఈమధ్య ఆయన ముప్పయ్యో మెట్టు దగ్గర ఒకసారి, అరవయ్యో మెట్టు దగ్గర ఒకసారి ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా ఎడమ భుజం కింద ఎవరో బొటనవేలితో నొక్కి పట్టినట్టుంటుంది. ఇటుకలు మోసిన ఒళ్ళు, యాభై తొమ్మిదేళ్ళ ఒళ్ళు, ఏదో ఒకటి సణుగుతూనే ఉంటుంది. పట్టించుకుంటే పని సాగుతుందా?

సణగడంలో ఆయన భార్యా తక్కువ తినలేదు. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. ఇవాళ పొద్దున చెప్పులు తొడుక్కుంటుంటే తలుపు దగ్గరే పట్టుకుంది.

"వంటింటి గోడ నెర్రె ఇచ్చి మూడేళ్ళయింది. దానిక్కూడా రెండు ఇత్తడి గుబ్బలు కొట్టిపెట్టు, అప్పుడైనా రోజూ చూస్తావు."

"ఆదివారం చూస్తాలే."

"ఏ ఆదివారమయ్యా? మూడేళ్ళలో నూట యాభై ఆదివారాలు పోయాయి. పేరేమో పగుళ్ళ మేస్త్రీ! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత."

ఆయన నవ్వి గడప దాటాడు. పగుళ్ళ మేస్త్రీ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. కొత్తగా విన్నవాళ్ళు, పని చేతకాక గోడలు పగలగొట్టేవాడేమో అనుకునేవారు.

నిజానికి ఆయన కట్టిన గోడ ఇంతవరకూ ఎక్కడా పగల్లేదు. ముప్ఫై ఏడేళ్ళ వయసులో కూలి మేస్త్రీగా ఈ బురుజు మరమ్మతుకు వచ్చాడు. ప్రపంచంలోని దేశాలు కలిసి చదువుల కోసం, పాత కట్టడాల కోసం పెట్టుకున్న పెద్ద సంస్థ ఒకటుంది. దాని అసలు పేరు బారెడు. బురుజు దగ్గర అందరూ ఉత్త 'సంస్థ' అనేవారు. కాపాడుకోవలసిన కట్టడాల పట్టికలో ఆ సంస్థ బురుజును చేర్చింది. మరమ్మతు జరిగిన రెండేళ్ళూ సాయంత్రం పని దిగాక, పరదా కింద కూలివాళ్ళకు అక్షరాలు చెప్పించింది కూడా. అప్పటిదాకా మేస్త్రీకి లెక్కలన్నీ నోటితోనే. తాపీ పట్టిన చేతికి పలకబలపం ఒక పట్టాన లొంగలేదు. గచ్చు పనిలో ఒక్క వంకర పోనివాడు, నాలుగు రాస్తే తొమ్మిదిలా వచ్చేది. పని పూర్తయ్యాక రోజూ పగుళ్ళు కొలవడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. ఇంజనీర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజూ అన్ని మెట్లు ఎవడెక్కుతాడు? మేస్త్రీ ఎక్కుతానన్నాడు.

కొలిచేవాడు, రాసేవాడు, నెలాఖరున కార్డులు ఆఫీసులో ఇచ్చేవాడు. అవి రాజధానిలో ఏ కార్యాలయానికో వెళ్ళి, అక్కణ్ణుంచి ఏ దేశంలోనో ఉన్న సంస్థకు వెళ్తాయని విన్నాడు. వెళ్ళి ఏ బీరువాలోనో పడుంటాయి అనుకున్నాడు. పదమూడేళ్ళు అలాగే అనుకున్నాడు.

ఒకరోజు అప్పటి సూపరింటెండెంటు కేకేసి పిలిచాడు. సంస్థ నుంచి ఉత్తరం. రెండు పేజీల ఉత్తరంలో ఒక వాక్యం మేస్త్రీ గురించి ఉంది. పదిహేడో పగులు ఎదురుగా మార్చి తొమ్మిదో తేదీన రాసింది నాలుగా, తొమ్మిదా అని అడిగారు.

ఎవరో చదువుతున్నారన్నమాట! సముద్రాల అవతల ఎవరో కూర్చుని తన వంకర అంకె ముందు ఆగి, కళ్ళు చికిలించి, అనుమానపడి, అడుగుతున్నారన్నమాట. "నాలుగండీ" అన్నాడు మేస్త్రీ, "తొమ్మిది కాదు, నాలుగని రాయండి." ఆ రోజునుంచి నాలుగు రాయవలసి వస్తే పెన్సిలు మొన చెక్కుకుని మరీ రాశాడు.

మరుసటేడు ఆ ఉత్తరం రాసినావిడే వచ్చింది. తెల్లజుట్టు, బొద్దు మనిషి, మోకాళ్ళు పాడైనవి. అయినా ఇరవై మూడు పగుళ్ళ దగ్గరా నేల మీద కూలబడి ఆయన కొలుస్తుంటే చూసింది. దుబాసీ చేత ఒక మాట చెప్పించింది: "ఈ పదేళ్ళుగా మీ చేతిరాత చూస్తున్నాను, మనిషిని ఇవాళ చూశాను అంటున్నారు మేడం." మేస్త్రీ లేవడానికి ఆవిడకు చెయ్యి అందించాడు. ఆ చెయ్యి మెత్తగా, చల్లగా, సిరా మరకలతో ఉంది.

అదంతా మంచి కాలం. మూడేళ్ళ కిందట బురుజు పక్కనుంచి లారీల రోడ్డు పడింది. గనుల నుంచి రాళ్ళు మోసే లారీలు పగలంతా పోతాయి. రోడ్డు దూరంగా జరపమని సంస్థ రాసింది. జరపం అని ప్రభుత్వం రాసింది. గోడ కదులుతోందని సంస్థ లెక్కలు చూపించింది. మా ఇంటి గోడ గురించి పక్కింటివాళ్ళు చెప్పేదేమిటని ఇక్కడి పెద్దలకు రోషం వచ్చింది. పత్రికల్లో రాతలు, సభల్లో చప్పట్లు. చివరికి దేశం ఆ సంస్థలోంచే బయటికి వచ్చేస్తున్నట్టు ప్రకటించారు. టీ బడ్డీ దగ్గర జనం "బాగా బుద్ధి చెప్పారు" అని గ్లాసులు పైకెత్తారు. పక్కింటివాళ్ళ చేతికి లెక్కలు ఇచ్చింది ఈ మేస్త్రీయేనని వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. ఆయనకు మాత్రం తట్టింది. ఆ రోజు టీ సగంలో వదిలేసి లేచి వచ్చాడు. దేశాల మధ్య తగువు తన పెన్సిలు మొన నుంచి పుట్టిందా అని చాలా రోజులు దిగులుపడ్డాడు. తప్పుగా రాసి ఉంటే బాగుండేదా అనీ ఆలోచించాడు. తెగలేదు.

మూడో అంతస్తులో పై గదికి వెళ్ళే సన్నటి ద్వారం ఉంది. రెండడుగుల వెడల్పు, మనిషి తల వంచుకుని పోవాలి. ద్వారం దాటగానే కమాను కింద పదకొండో పగులు. ఇరవై ఏళ్ళలో ఒక్క మిల్లీమీటరు కదలనిది, ఈ ఆరువారాల్లో రెండు కదిలింది. ఇవాళ పరికరం ఆనించి చూశాడు. నలభై ఆరూ నాలుగు. నిన్నటి మీద ఇంకో అర. మళ్ళీ చూశాడు. అంతే. కమాను నడినెత్తి రాయికీ పక్క రాయికీ మధ్య అరచేయి పెట్టాడు. లోపలినుంచి చల్లటి గాలి తగిలింది. నిన్నటిదాకా అక్కడ గాలి లేదు.

ఆయన గబగబా దిగాడు. ఎక్కడా ఆగలేదు.

సూపరింటెండెంటు రక్తపోటు మాత్ర మింగి నీళ్ళు తాగుతున్నాడు. మంచివాడే. రెండేళ్ళలో పదవీ విరమణ, అంతదాకా ఏ గాలీ తగలకుండా గట్టెక్కాలని ఆయన ఆశ.

"నీకోసమే చూస్తున్నా మేస్త్రీ. ఆర్డరొచ్చింది. సంస్థతో మనకింక సంబంధం లేదు, ఇవాళ్టితో సరి. ఆ కార్డులింక పంపక్కర్లేదు."

"పంపకపోతే పోయిందండీ. పదకొండోది బాగా కదిలింది. పై గది మూసెయ్యాలి సార్, ఈరోజే."

"మూసేదేంటి? రేపు 'మన కట్టడం మనదే' అని సభ. మూడు బళ్ళనుంచి రెండొందలమంది పిల్లలొస్తున్నారు. ఒక్క గది కూడా మూసి ఉండకూడదని పైనుంచి ఫోను మీద ఫోను."

"పిల్లలందరూ ముందు ఆ గదికే పరిగెడతారండీ, కన్నాల్లోంచి చూడ్డానికి."

సూపరింటెండెంటు నీళ్ళు నమిలాడు. "గోడ కదలట్లేదని మనవాళ్ళు లోకమంతా చాటింపేశారు కదయ్యా. ఇప్పుడు కదిలిందని నేను ఏ కలంతో రాయను? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

మేస్త్రీ నిలబడే ఉన్నాడు. సూపరింటెండెంటు బల్ల మీది కాగితాలను అటూ ఇటూ జరిపి, ముఖం ఎత్తకుండా అన్నాడు: "ఇంకోటి. గేటు దగ్గర సంస్థ ఫలకం తీసెయ్యాలట, మధ్యాహ్నానికల్లా. నీ ఉద్యోగం సంగతి... నెలాఖరు దాకా ఉంటుంది. తర్వాత ఎలాగో చూస్తాను. నావల్లయింది చూస్తాను."

ఆ ఫలకం పెట్టింది మేస్త్రీయే. మోకాలెత్తు ఇత్తడి పలక, దాని మీద సంస్థ గుర్తు, రెండు భాషల్లో నాలుగు వాక్యాలు. ఇనుప మేకులైతే తుప్పుపట్టి రాతిని చీలుస్తాయని, ఇత్తడి మేకులు పోత పోయించి, రాతిలో గుంటలు లోపల వెడల్పుగా, బయట ఇరుగ్గా తొలిచి దిగ్గొట్టాడు. ఇప్పుడు అవే గుంటల్లో సన్నటి ఉలి పెట్టి, గోరుతో గీరినట్టు గచ్చు గీరుతూ కూర్చున్నాడు. రెండు గంటలైనా రెండు మేకులే వదులయ్యాయి. ఎదురుగా లారీలు పోతుంటే ఉలి చేతిలోనే అదిరింది.

సూపరింటెండెంటు గొడుగు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. "అంత గట్టిగా ఎందుకు పెట్టావయ్యా బాబూ?"

"ఊడదీస్తారనుకోలేదండీ."

నాలుగో మేకు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రాతికి ఒక్క పెచ్చు కూడా లేవలేదు. పలక ఉన్నంత మేర గోడ లేతగా, కొత్తగా, స్నానం చేయించిన పసిపిల్ల వీపులా ఉంది. మేస్త్రీ ఫలకాన్ని తుడిచి, గోనెపట్టాలో చుట్టి, ఆఫీసు గదిలో గోడవారగా ఆనించి వచ్చాడు. చుట్టేముందు దాని మీది వాక్యాలు ఒకసారి చదివాడు. పెట్టిననాడు కూడబలుక్కుని చదివాడు, ఇవాళ ఒక్క చూపులో చదివేశాడు.

మేకుల గుంటలు పూడ్చడానికి సున్నం, ఇసుక కలపాలి. ఇనుప తట్టలో కలపడం మొదలుపెట్టాడు. టికెట్లిచ్చే అమ్మాయి కిటికీలోంచి చూసి పిలిచింది. ఎనిమిదేళ్ళుగా అక్కడే కూర్చునే పిల్ల, ఆయన్ని బాబాయ్ అంటుంది.

"అన్నం తిన్నావా బాబాయ్?"

"తింటాలే అమ్మా."

"నాలుగు గుంటలకి అంత గచ్చెందుకు? పెళ్ళివంటలా కలుపుతున్నావు!"

ఆ మాట విన్నాకే, తను ఏం చేయబోతున్నదీ ఆయనకు పూర్తిగా తెలిసింది. ఇంకాస్త ఇసుక జల్లించి పోశాడు.

రెండో అంతస్తు మూలన పాత మరమ్మతు నాటి ఇటుకలు యాభై దాకా ఉన్నాయి. వాటిని మూడో అంతస్తుకు చేరవేయాలి. మధ్యలో ఇరవై రెండు మెట్లు. ఆరేసి ఇటుకలు గుండెలకు ఆనించుకుని ఎక్కాడు, మళ్ళీ ఆరేసి, అలిసిపోయాక నాలుగేసి, అన్నీ అయ్యేదాకా. ఎడమ భుజం కింది బొటనవేలు ఈసారి మధ్యలో తీయకుండా నొక్కింది. గోడకు ఆనుకుని, చెమట కళ్ళల్లోకి కారుతుంటే తుడుచుకుని, మళ్ళీ దిగాడు. ఎవరన్నా చూస్తే ఏమనాలో కూడా ఆలోచించుకోలేదు. మధ్యాహ్నపు ఎండకు సందర్శకులు లేరు. కాపలావాడు నీడలో కునుకుతున్నాడు.

మొదటి వరస పెట్టేముందు ద్వారం దాటి లోపలికి వెళ్ళాడు. పదకొండో పగులుకు ఎప్పుడూ రెండోసారి కొలత తీయడు, ఎండ పడ్డాక అసలే తీయడు. ఇవాళ తీశాడు. నలభై ఆరూ ఏడు. కార్డు మీద పొద్దుటి అంకె కింద రాసి, తేదీ, వేళ వేసి, జేబులో పెట్టుకున్నాడు. పై గదిలోకి తొంగి చూశాడు. కన్నాల్లోంచి పడుతున్న వెలుగు గుండ్రటి బిళ్ళల్లా నేల మీద ఉంది. గోడ కట్టేస్తే ఇంక ఈ పగులు దగ్గరికి తనూ రాలేడు. మంచం పట్టిన మనిషి గది తలుపు వేసి వచ్చినట్టు, చప్పుడు లేకుండా ఇవతలికి వచ్చాడు.

తర్వాత చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇటుక తడపడం, గచ్చు పరచడం, ఇటుక పెట్టి తాపీ పిడితో తట్టడం, పైకుబికిన గచ్చును ఒక్క విసురుతో తీయడం. ఏళ్ళ తరబడి అంకెలు రాసిన చేతికి అసలు విద్య గుర్తొచ్చింది. తూకం గుండు వేసి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. గోడ మోకాళ్ళెత్తు, నడుమెత్తు, గొంతెత్తు లేచింది. ఇటుకలు అయిపోయాయి. పిల్లలు ఎక్కలేరు, పెద్దవాళ్ళకు దూరాలనిపించదు. చాలు.

తట్ట, తాపీ పట్టుకుని కిందికి దిగాడు. కుళాయి బురుజు వెనక ఉంది. దాని పక్కనే రాతి అరుగు. తట్ట కింద పెట్టి, కడిగే ముందు ఒక్క నిమిషం కూర్చుందామని అరుగు మీద కూర్చున్నాడు. గోడకు వీపు ఆనించాడు. పొద్దు వాలుతోంది. లారీ ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది.

గేటు మూసే వేళ టికెట్ల అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. "బాబాయ్, బస్సు పోతుంది, లే" అంది. దగ్గరికొచ్చి మళ్ళీ అంది. అప్పటికి ఆయన పోయి గంట దాటిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రి బండిలోనే భార్య వచ్చింది. పనిలోంచి అలాగే వచ్చినట్టుంది, చేతులు సబ్బునీళ్ళకు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. ఆయన చొక్కాకీ, గోళ్ళకీ, కనుబొమలకీ సున్నం అంటి ఉండటం చూసింది. కొంగు తడిపి ముందు కనుబొమలు తుడిచింది.

"కొలిచే పనే కదా అన్నావు, ఏం కట్టావయ్యా?" అని అడిగింది. అక్కడున్నవాళ్ళెవరికీ జవాబు తెలియదు.

మర్నాడు తెల్లవారుజామునే సూపరింటెండెంటు మెట్లెక్కి పైకి వెళ్ళాడు. ఆయన మూడో అంతస్తు ఎక్కి ఆరేళ్ళయింది. తడి ఆరని గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. పగలగొట్టించడానికి ఇంకా మూడు గంటల వ్యవధి ఉంది. అంత చిన్నగోడకు ఇద్దరు మనుషులు చాలు. కిందికి వచ్చి, తిరిగి వెళ్ళి, ఇటుక మీద అరచేయి వేసి చూశాడు. ఆ తర్వాత ఫోను చేసిన పై అధికారితో, "ఆ ద్వారం ఎప్పటినుంచో మూసే ఉందండీ, పాతగోడ" అన్నాడు. తన ఉద్యోగ జీవితంలో పైవాళ్ళకు ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది. మాత్ర వేసుకోకుండానే గుండె కుదుటపడింది. రెండొందలమంది పిల్లలు వచ్చారు, పాడారు, గోడదాకా ఎక్కి, "పైకి లేదా?" అని నిరాశపడి, గోలగోలగా దిగి వెళ్ళిపోయారు.

చొక్కా జేబులో దొరికిన కార్డును మేస్త్రీ భార్య ఆఫీసుకు తెచ్చి ఇచ్చింది. సూపరింటెండెంటు దాన్ని మూడురోజులు సొరుగులో ఉంచాడు. నాలుగోరోజు పాత ఉత్తరం మీది చిరునామా తన చేత్తో కవరు మీద ఎక్కించి, పంపినవారి పేరు రాయకుండా, ఊరవతల పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు. చేరిందో లేదో ఎప్పటికీ తెలియలేదు.

బురుజు వెనక కుళాయి దగ్గర, అరుగు పక్కన, తట్ట మాత్రం అలాగే ఉండిపోయింది. కడగని తట్టలో మిగిలిన గచ్చు రాయిలా గట్టిపడింది, అందులో తాపీ, పిడి పైకి పెట్టుకుని, నిటారుగా.